హైడ్రాలిక్ కోత మిషన్ కొనాలా? ముందు దుంగ బరువు లెక్కేయండి



పాత మామిడి తోటలు తీసేయడం గురించి నేను రాసిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న వస్తోంది. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు వైపు నుంచే కాదు, సరిహద్దు దాటి పెనుబల్లి, కల్లూరు నుంచి కూడా అడుగుతున్నారు. "అన్నా, ట్రాక్టర్ వెనకాల తగిలించి తోటలోకే లాక్కెళ్లే కోత మిషన్లు వస్తున్నాయంట కదా. హైడ్రాలిక్‌ది కొనాలా, చేత్తో తోసేది చాలా?" అని.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా. పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. చివరిదాకా చదివే టైము లేనివాళ్లకు నా మాట ముందే చెప్పేస్తా.

ఒకటి: మన ముసలి మామిడి దుంగలకు పూర్తిగా చేత్తో నడిచే మిషన్ వద్దు. రెండు: అలాగని కేటలాగ్‌లో ఉన్న హైడ్రాలిక్ సరంజామా అంతా అక్కర్లేదు, సగం చాలు. మూడు: ఒక్క రైతు కొనాల్సిన వస్తువు కాదు ఇది. నాలుగు: అడ్వాన్సు కట్టే ముందు ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు వెళ్లి రావాలి. ఈ నాలుగో మాట మిషన్లు అమ్మేవాళ్లు చెప్పరు.

ఇక వివరంగా.

అసలు ఈ కోత గోల రైతుకెందుకు అనే వాళ్లున్నారు. మా నాన్న పెట్టిన రసాలు, బంగినపల్లి తోటలో సగం నేను తీసేశాను. కాపు తగ్గింది, తామరపురుగు మందులకు పెట్టిన డబ్బు కూడా కాయలో రావడం లేదు, పక్కనోళ్లంతా పామాయిల్ వేస్తున్నారు. కలప వ్యాపారి వచ్చి తోటంతా ఒకసారి తిరిగి గుత్తకు ఒక రేటు చెప్పాడు. చెట్లు లెక్కపెట్టలేదు, చుట్టు కొలవలేదు. నేనూ అడగలేదు. నాలుగు రోజుల్లో తోట ఖాళీ అయింది. సన్న కొమ్మలు ఇటుక బట్టీకి పోయాయి, లావు మొద్దులు పెట్టె చెక్కకు పోయాయి. బట్టీకి పోయిన వాటిలో ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకున్నా అందని మొదళ్లు కూడా ఉన్నాయి.

ఆ మరుసటి ఏడే గేదెల పాకకు పలకలు, అటక చెక్కలు కావాల్సి వచ్చి అడితికి వెళ్లాను. అక్కడ మామిడి పలక రేటు అడిగి కాసేపు బల్ల మీద కూర్చుండిపోయాను. నేను అమ్మింది టన్నుల లెక్కన వంటచెరకు, కొంటున్నది ఘనపు అడుగు లెక్కన కలప. నడుమ జరిగిందల్లా ఒక రంపం దాని గుండా పోవడం, కొన్ని నెలలు నీడలో ఆరడం.

వ్యాపారి దోచుకున్నాడని నేను అనను. అతనికీ కూలీలు, లారీ, తరుగు ఉన్నాయి. తప్పు నాది. వడ్లు, పత్తి, మిర్చి కాటా దగ్గర కిలో తేడా వస్తే కొట్లాడే మనం, నలభై ఏళ్లు పెంచిన చెట్టును కొలవకుండా అమ్మేస్తున్నాం.

కొలత ఎలాగో ముందు తెలుసుకోండి, మిషన్ కొన్నా కొనకపోయినా పనికొస్తుంది. దుంగ నడుమ చుట్టు కొలత అంగుళాల్లో తీసుకోండి. దాన్ని నాలుగుతో భాగించండి. వచ్చినదాన్ని దాంతోనే గుణించండి. పొడవు అడుగుల్లో పెట్టి గుణించి, 144తో భాగించండి. ఉదాహరణకు చుట్టు 76 అంగుళాలు, పొడవు 8 అడుగులు. నాలుగో వంతు 19. పంతొమ్మిది పంతొమ్ముదులు 361. దాన్ని 8తో గుణించి 144తో భాగిస్తే 20 ఘనపు అడుగులు. అడితిలో లెక్క ఇదే. నిజానికి ఆ దుంగలో ఉన్న చెక్క 25 అడుగుల పైనే. ఈ పద్ధతిలో నూటికి ఇరవై ఒకటిన్నర వంతు తక్కువ వస్తుంది. అది మోసం కాదు, పక్క పలకలు, బెరడు తరుగు కింద పోయే లెక్క. కానీ ఆ సంగతి తెలిసి అమ్మడం వేరు, తెలియక అమ్మడం వేరు.

ఇప్పుడు అదే దుంగ బరువు చూద్దాం. పచ్చి మామిడి చెక్క బరువు నీళ్ల బరువుకు దగ్గరగా ఉంటుంది. పాతిక ఘనపు అడుగులంటే ఆరేడు వందల కిలోలు. ఎనిమిదడుగుల ముక్క ఒక్కటే! మన తోటల్లో ఇంతకంటే లావువి ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఈ బరువు గుర్తుపెట్టుకోండి. హైడ్రాలిక్ కావాలా వద్దా అనే ప్రశ్నకు జవాబు ఈ అంకెలోనే ఉంది, ఇంజిన్ హార్స్‌పవర్‌లో లేదు.

నాకిది పుస్తకంలో తెలియలేదు. మిగిలిన సగం తోటలో గాలివానకు పడిన చెట్లు ఈసారి అమ్మకూడదు, కోయించాలి అనుకుని ముగ్గురం కలిసి చేత్తో తోసే చిన్న మిషన్ ఒకటి వేరే జిల్లా నుంచి అద్దెకు తెచ్చాం. పెట్రోలు ఇంజిను, రెండు చక్రాల మీద తిరిగే సన్నటి పట్టీ రంపం, కింద పట్టాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి రెండు రోజులు గట్టు మీద టేకు కోశాం. వెన్న కోసినట్టు కోసింది. "అన్నయ్యా, ఇది మనమే కొనేద్దాం" అన్నాడు మా బాబాయి గారబ్బాయి.

మూడో రోజు మామిడి మొద్దు ఎక్కించాం. రెండు వాసాలు ఏటవాలుగా వేసి, గడ్డపారలతో నలుగురం దొర్లించి ఎక్కించాం. ఒక పక్క కోశాక దుంగను తిప్పాలి. చేతి మిషన్లో తిప్పడం అంటే మనుషులు గడ్డపారతో ఎగేయడమే. సగం తిరిగాక గడ్డపార జారింది. దుంగ వెనక్కి వచ్చి మావాడి పాదం మీద పడింది. ఎముకలు విరిగాయి. ఆ ఏడాది దమ్ములో వాడు దిగలేదు, ఇప్పటికీ చలికాలం కుంటుతాడు. మిషన్ మంచిదే, నడిపినవాడూ పనిమంతుడే. ఏడు వందల కిలోలను నలుగురు మనుషులు గడ్డపారతో తిప్పడం అనేదే తప్పు.

ఆసుపత్రిలో కాగితం నింపేటప్పుడు "ఏం పని చేస్తుండగా?" అని అడిగారు. ఆ మిషన్‌కు ఏ అనుమతి ఉందో, మా చెట్లకు ఏ అనుమతి తీసుకోవాలో మా ముగ్గురిలో ఒక్కడికీ తెలియదు. నోట మాట రాలేదు. అందుకే ఈ పోస్టులో అనుమతుల సంగతి కూడా పెడుతున్నా.

ముందు మిషన్ సంగతి ముగిద్దాం.

కోసే పద్ధతులు మూడు రకాలనుకోండి. గొలుసు రంపంతోనే పలకలు కోయడం ఒకటి. గుండ్రటి రంపం రెండోది. పట్టీ రంపం, అంటే బ్యాండ్ సా, మూడోది. పాతకాలంలో గొయ్యి తీసి పైనొకడు కిందొకడు నిలబడి లాగేవాళ్లు, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు చూడాల్సింది రంపం తినే చెక్క. పట్టీ రంపం రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది. గుండ్రటి పెద్ద రంపం ఆరేడు మిల్లీమీటర్లు. గొలుసు రంపం ఎనిమిది, తొమ్మిది. అడుగున్నర ఎత్తు దిమ్మను అంగుళం పలకలుగా కోస్తే పట్టీ రంపంతో 16 పలకలు వస్తాయి, గుండ్రటి దాంతో 14. రెండు పలకలు పొట్టులో పోయినట్టే. కాబట్టి పట్టీ రంపమే. ఇందులో రెండో మాట లేదు. అమెరికాలో వుడ్‌మైజర్ లాంటి కంపెనీ 1982లో మొదలై పెరిగింది కూడా ఈ సన్న కోత వల్లే. ఇప్పుడు చైనావి, మన దేశంలో తయారైనవి కూడా అదే నమూనాలో దొరుకుతున్నాయి.

ఇక హైడ్రాలిక్. ఈ మాట వినగానే మిషన్ అంతా దానంతటదే పనిచేస్తుందనుకుంటారు. కాదు. హైడ్రాలిక్ అనేది నాలుగైదు వేర్వేరు పనుల మూట. మూట విప్పి ఒక్కొక్కటీ మనకు కావాలా అని చూసుకోవాలి.

దుంగను నేల మీది నుంచి ఎత్తి మంచం మీద పెట్టే చేతులు మొదటిది. ఇది ఉంటే బాగుంటుంది, కానీ ప్రత్యామ్నాయం ఉంది. ఊళ్లో ముందు బకెట్ ఉన్న ట్రాక్టరో, గంటకు అద్దెకొచ్చే జేసీబీయో ఉంటే ఎత్తడం దాంతో అయిపోతుంది. గట్టి ర్యాంపు, చేతి వించి పెట్టుకున్నా నడుస్తుంది.

మంచం మీదున్న దుంగను తిప్పేది రెండోది. ఇది మాత్రం తప్పనిసరి. ఎందుకంటే ఎక్కించడం దుంగకు ఒక్కసారే, తిప్పడం మూడు నాలుగు సార్లు. పైగా మామిడి సొట్టలు, వంకరలు ఎక్కువ, ఒక పక్క నుంచే కోసుకుంటూ పోతే చెక్కలో ఉన్న బిగువు వదిలి పలక విల్లులా వంగుతుంది. అటూ ఇటూ తిప్పుతూ కోయాలి. మావాడి కాలు విరిగింది ఎక్కించేటప్పుడు కాదు, తిప్పేటప్పుడే. మీరు డబ్బు పెట్టేది ఒక్కదాని మీదే అయితే దీని మీద పెట్టండి.

దుంగ కదలకుండా బిగించే పట్టు మూడోది. హైడ్రాలిక్ అయితే చకచకా అవుతుంది, మర తిప్పి చేత్తో బిగించేదైనా సరిపోతుంది. పట్టు ఏ రకమైనా గట్టిగా ఉండాలి, సన్న దిమ్మను కూడా పట్టేలా కిందికి దిగాలి. నాలుగోది, మొదలు లావు చివర సన్నం ఉన్న దుంగను ఒక పక్క ఎత్తి సమం చేసే రోలర్లు. మన మామిడి మొండేలు ఆరేడు అడుగులకే పంగ వేస్తాయి. అంత పొట్టి ముక్కకు కింద చెక్క మేకు పెట్టుకుంటే చాలు. దీనికి డబ్బు దండగ.

రంపం తలను ముందుకు నడిపే మోటారు ఐదోది. అలవాటైన మనిషి చేత్తో తోస్తే గణుపు వచ్చిన చోట నిదానిస్తాడు, చేతికి తెలుస్తుంది. మోటారు ఉంటే రోజంతా అలసట లేకుండా కోయొచ్చు. రోజూ కోసేవాడికి కావాలి. ఏడాదిలో ముప్ఫై నలభై రోజులు కోసేవాడికి అక్కర్లేదు.

సగం చాలు అన్నది అందుకే. తిప్పేది హైడ్రాలిక్, వీలైతే ఎత్తేది కూడా. మిగిలినవి చేతివే. కంపెనీవాడు "సగం హైడ్రాలిక్ మోడల్ లేదండి" అంటే చేతి మిషన్‌కే తిప్పే ఏర్పాటు విడిగా పెట్టించుకోవచ్చా అని అడగండి. ట్రాలీ ఎత్తే సిలిండర్, వాల్వు, పైపులతో పనిచేసే మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు. వాళ్లకు కొత్త విద్యేమీ కాదు.

దుంగల రకాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. మీ దగ్గర ఉన్నది గట్ల మీద పెంచిన టేకు, వేప, సన్న తుమ్మ మాత్రమే అయితే హైడ్రాలిక్ మాటే ఎత్తకండి. ఇద్దరు మనుషులు, ఒక చేతి మిషన్ చాలు. ముసలి మామిడి, చింత, నిద్రగన్నేరు ఉంటేనే పైన చెప్పిందంతా. జామాయిల్ పలకలకు ఆశపడేవాళ్లకు ఒక మాట: కోస్తుండగానే చీలి, వంగిపోయే గుణం దానికి ఎక్కువ. పేపరు మిల్లుకు పంపేదాన్ని పలకలు చేస్తే మూడు రెట్లు లాభం అని చెప్పేవాళ్ల మాట విని మిషన్ కొనకండి. పనస మొద్దు ఉంటే మాత్రం వంటచెరకు కింద ఎవరికీ ఇవ్వకండి. పక్కనున్న నూజివీడులో వీణలు చేసేది పనస చెక్కతోనే.

కొలతల్లో ఒక మోసపోయే చోటుంది. "ముప్ఫై అంగుళాల దుంగ పడుతుంది" అని కాగితం మీద ఉంటుంది. పట్టడం వేరు, ఆ వెడల్పున పలక రావడం వేరు. రంపానికి రెండు పక్కలా దారి చూపే గైడ్ల మధ్య దూరం ఎంతో అడగండి, మీ పలక అంతకంటే వెడల్పు రాదు. పొడవుకు మాత్రం ఆశపడక్కర్లేదు. మామిడికి పన్నెండడుగుల మంచం దండిగా చాలు. ఇంటి దూలాలు కోయాలనే టేకువాళ్లకే అదనపు పట్టాలు.

ఇంజిను సంగతి. కరెంటు మోటారుది చవక, చప్పుడు తక్కువ. కానీ తోటలో ఉన్నది వ్యవసాయ కనెక్షను. బోరుకు ఇచ్చిన ఉచిత కరెంటుతో కలప కోయడం కుదరదు, పట్టుకుంటే కేసు. పైగా అది తొమ్మిది గంటలే వచ్చేది. కాబట్టి డీజిల్ ఇంజిను, లేదా ట్రాక్టర్ పీటీవో మీద నడిచేది. నా ఓటు పీటీవోకే, ఎందుకంటే ట్రాక్టర్ ఎలాగూ ఉంది, దాన్ని బాగుచేసేవాళ్లూ ఉన్నారు. లోపం ఏంటంటే కోత జరిగినంతసేపూ ట్రాక్టర్ అక్కడే కట్టుబడి ఉంటుంది. దమ్ముల రోజుల్లో అది కుదరదు. కోత పని ఎలాగూ వేసవిలో పెట్టుకుంటాం కాబట్టి నాకు సరిపోతుంది, మీకు సరిపోతుందో లేదో చూసుకోండి.

హైడ్రాలిక్ పంపు కొన్నిటిలో బ్యాటరీ మీద తిరుగుతుంది, కొన్నిటిలో ఇంజిన్ మీదే. బ్యాటరీది చవకే గానీ వరసపెట్టి లావు దుంగలు ఎత్తితే నీరసపడుతుంది. ఇంకో మాట, పైపుల చివర ఉండే ఫిటింగు ఏ కొలతదో కొనే ముందే ఒక ఫొటో తీసి, మీ దగ్గర జేసీబీ పైపులు నొక్కి ఇచ్చే షాపులో చూపించండి. "ఇది మా దగ్గర దొరుకుతుంది" అంటేనే ముందుకెళ్లండి. చిన్న వాషర్ కోసం వారం రోజులు పార్సిల్ ఎదురుచూస్తే కూలి మండిపోతుంది. కంప్యూటర్ బోర్డుతో మందం సెట్ చేసే మోడళ్ల జోలికి పోవద్దు. మన ఎండకు, దుమ్ముకు అవి నిలవడం కష్టం. చేత్తో స్కేలు చూసి దింపేదే ఖాయం.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది బ్లేడు. మిషన్ ఒకసారి కొంటాం, బ్లేడు మాత్రం నెల నెలా. బెరడులో మట్టి, ఇసుక ఉంటే గంటల్లో మొద్దుబారుతుంది. దుంగను నేల మీద ఈడవకుండా తేవాలి, కోసే ముందు బెరడు చెక్కాలి, కనీసం నీళ్లు కొట్టాలి. మామిడి చెట్టంటే ఇనుప గని అనుకోండి. ఉయ్యాల గొలుసు, లైటు మేకు, కంచె తీగ, ఎప్పుడో తాత కొట్టిన కొక్కెం, అన్నీ చెక్క మింగేసి ఉంటుంది. పైకి మచ్చ కూడా కనపడదు. చిన్న మెటల్ డిటెక్టర్ ఒకటి కొనండి, రెండు బ్లేడ్ల ఖర్చు మిగిలితే దాని ధర వచ్చేసినట్టే. ఎండిన చింత, తుమ్మ లాంటి గట్టి చెక్కకు పంటి వాలు తక్కువున్న బ్లేడు వేరే పెట్టుకోవాలి. సాన పట్టే మిషన్, పళ్లు అటూ ఇటూ వంచే సెట్టరు కూడా బడ్జెట్లో కలపండి. ఈ రెండూ కలపకుండా చెప్పే రేటు రేటే కాదు.

కోసేయగానే పని అయిపోలేదు. మామిడి చెక్క తీపి చెక్క. చెట్టు పడిన వారాల్లోనే నీలి బూజు పడుతుంది, తర్వాత పురుగు పొడి రాలుస్తుంది. అందుకే పచ్చిగా ఉండగానే కోసి, బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లలో ముంచి, పలకకూ పలకకూ నడుమ అంగుళం బద్దలు పెట్టి, నీడలో గాలాడేలా పేర్చాలి. చివర్లకు రంగో మైనమో పూయాలి, లేకపోతే పగుళ్లు. పైన బరువు పెట్టాలి. ఇంత చేసి నెలల తరబడి ఆగగలిగితేనే అడితి రేటు. ఆగలేనివాడు మిషన్ కొన్నా వంటచెరకు రేటే వస్తుంది. కోత, ఆరబెట్టడం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు బెంగళూరులో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వాళ్ల శిక్షణలు ఏమున్నాయో కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, చెక్క మీదే పని.

ఇప్పుడు డబ్బు లెక్క. రేట్లు కంపెనీకొకటి, నెలకొకటి, కాబట్టి నేను లెక్క పద్ధతి మాత్రమే చెప్తా. మిషన్, బ్లేడు సాన సామాను కలిపి పది లక్షలు అనుకుందాం. పదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి అరుగుదల లక్ష. వడ్డీ ఇంకో లక్ష వేసుకోండి. మిషన్ మూల పడున్నా ఏడాదికి రెండు లక్షలు ఖర్చన్నమాట. ఏడాదికి 2,000 అడుగులు కోస్తే అడుగుకు వంద రూపాయలు మిషన్‌కే. డీజిలు, కూలి, బ్లేడు దాని పైన. అదే 10,000 అడుగులు కోస్తే అడుగుకు ఇరవై. మీ తోటలో ఉన్న చెట్లన్నీ పైన చెప్పిన పద్ధతిలో కొలిచి చూడండి. ఒక్క రైతుకు ఏటా పదివేల అడుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒక ఏడు తోట తీస్తాడు, అంతే. తర్వాత పదేళ్లు ఆ మిషన్ కోళ్ల గూడే.

"నేను కొని ఊళ్లో అద్దెకు తిప్పుతా" అంటాడు మా బావ. వరి కోత మిషన్లు తిప్పినట్టు తిప్పొచ్చని ఆయన ధీమా. "బావా, వరి ఏటా పండుతుంది, మామిడి చెట్టు ఒక్కసారే పడుతుంది" అన్నా. పైగా అద్దెకు తిప్పడం అంటే అది వ్యాపారం, దానికి చట్టం వేరుగా చూస్తుంది. ఇప్పుడు ఆ సంగతి.

మన రాష్ట్రంలో కోత మిల్లుల మీద 1969 నాటి నుంచి రూల్సు ఉన్నాయి. ఆ మీద అడవుల కేసులో, గోదావర్మన్ కేసు అంటారు, సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతా పట్టు బిగిసింది. 2002 అక్టోబర్‌లో కొత్త కోత మిల్లుకు కోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి కావాలన్నారు. 2016లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, ఆ పరిశీలన రాష్ట్రస్థాయి కమిటీల చేతికి తెచ్చింది. యంత్రబలంతో దుంగను పలకలు చేస్తే అది కోత మిల్లే అన్నట్టుగానే ఈ రూల్సు నడుస్తాయి. "చక్రాల మీదుంది కదండీ, లైసెన్సు అక్కర్లేదు" అని మిషన్ అమ్మేవాడు అంటే, ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టడు. మీరు మాత్రం రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. నోటి మాట మీద లక్షలు పెట్టొద్దు.

చెట్టు కొట్టడానికి 2002 వాల్టా చట్టం ఉంది. కలప రవాణాకు పర్మిట్లున్నాయి. ఏ జాతికి మినహాయింపు, ఏ జాతికి కాదు అనేది అక్కడే అడగండి. మనది సరిహద్దు ప్రాంతం, తిరువూరు దాటి కొద్ది దూరం పోతే తెలంగాణ. మీ పొలం ఇటూ మీ అడితి అటూ ఉంటే ఆ సంగతి కూడా ముందే చెప్పి అడగండి, దారిలో చెక్‌పోస్టు దగ్గర కాదు.

ఇక్కడ నాకు కోపం ఉంది, దాచుకోను. అడవిని కాపాడే చట్టం కావాల్సిందే. అడవి టేకు దొంగతనంగా కోసి రైతు టేకు అని అమ్మేవాళ్లు లేరని నేను అనను. అడ్డూ అదుపూ లేకుండా ఊరికొక మిషన్ వదిలితే ముందు నష్టపోయేది కొండలే. కానీ నా పొలంలో నా తండ్రి నాటిన మామిడి చెట్టును ఇటుక బట్టీలో కాల్చడం సులువు, పలకలు చేయడం కష్టం అయితే ఆ రూలు ఎవరిని కాపాడుతున్నట్టు? ఒకపక్క పొలం గట్లన్నీ చెట్లు నాటండి అంటారు. నాటిన చెట్టుకు విలువ వచ్చే దారి దగ్గర గేటు వేస్తారు. 2025 జూన్‌లో కేంద్రం వ్యవసాయ భూముల్లో చెట్లు కొట్టడానికి నమూనా నిబంధనలు పంపింది. చెట్లను పోర్టల్లో నమోదు చేసుకుని అనుమతి తీసుకునే పద్ధతి అందులో ఉంది. మంచిదే. కానీ కొట్టడం దగ్గర ఆగితే లాభం వ్యాపారికే. కోయడం దాకా రావాలి.

నా సూచన ఇది. మామిడి రైతు సంఘానికి, ఎఫ్‌పీవోకు ఒక్కో సంచార మిషన్‌కు అనుమతి ఇవ్వండి. సొంత పొలం చెట్టు, పాస్‌బుక్ నంబరు, కోసే ముందు ఫొటో, కోత రిజిస్టరు. టేకు లాంటి అడవి జాతులకు గట్టి తనిఖీ పెట్టండి, మామిడికి, వేపకు సులువు చేయండి. ట్రాక్టర్ పనిముట్లకు సబ్సిడీ ఇచ్చినట్టే దీనికీ ఇవ్వొచ్చు. ఇచ్చేటప్పుడు తిప్పే హైడ్రాలిక్ ఉన్న మిషన్‌కే ఇవ్వండి. చవకని చేతి మిషన్లు పంచితే ఊరికొక కాలు విరుగుతుంది.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. పది పదిహేను మంది కలిసి చెట్లు కొలిచి, మొత్తం ఎన్ని అడుగులు వస్తాయో, ఎన్నేళ్లకు సరిపోతాయో కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం పట్టుకెళ్తే ఆఫీసులో మాట వింటారు, బ్యాంకులో వింటారు, మిషన్ కంపెనీవాడు కూడా డెమో కోసం మన తోటకే వస్తాడు. డెమోకు వచ్చినప్పుడు వాడు తెచ్చుకున్న నున్నటి దుంగ మీద కాదు, మన తోటలో ఉన్న వంకర మామిడి మొద్దు మీద కోసి చూపమనాలి. రోజుకు ఇన్ని అడుగులు అని కాగితంలో ఉన్నదాంట్లో సగమే లెక్కలోకి తీసుకోవాలి. తిప్పేటప్పుడు పక్కన మనిషి నిలబడాల్సి వస్తోందా అన్నది చూడాలి. నిలబడాల్సి వస్తే ఆ మిషన్ వద్దు.

అప్పటిదాకా ఏం చేయాలి? తోట తీసేవాళ్లు కనీసం లావు మొదళ్లు వేరు చేసి, కొలిచి, అడుగు లెక్కన అమ్మండి. కొమ్మలు టన్ను లెక్కన ఇవ్వండి. రెండూ కలిపి గుత్తకు ఇవ్వకండి. వీలుంటే సొంతానికి కావాల్సిన నాలుగు దుంగలు లైసెన్సు ఉన్న మిల్లుకు తోలి కోత కూలి ఇచ్చి కోయించుకోండి. ఈ ఏడు నేను చేసింది అదే. ట్రాలీ కిరాయి, కోత కూలి పోను కూడా పాకకు పలకలు, మా పాపకు చదువుకునే బల్ల వచ్చాయి. ఆ బల్ల చెక్క మా నాన్న పెట్టిన పెద్ద రసం చెట్టుది.

మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ, "అన్నయ్యా, తిప్పే హైడ్రాలిక్ ఉన్నది వస్తే మళ్లీ నేనే నడుపుతా" అంటున్నాడు. వాడి చేతికే ఇవ్వాలని నాకూ ఉంది. కాకపోతే ఈసారి చేతిలో కాగితాలు ఉండాలి, గడ్డపార ఉండకూడదు.

మీ మండలంలో ఎవరైనా సంఘంగా కొని, అనుమతులతో నడుపుతుంటే ఎలా తెచ్చుకున్నారో కింద రాయండి. పదిమందికీ ఉపయోగం. మీ తోటల్లో చెట్ల చుట్టు కొలతలు కూడా పెట్టండి, అడుగులు ఎన్ని వస్తాయో కలిసి లెక్కేద్దాం.

ఉంటాను.